బిగపట్టిన ముద్ద

మైనం అబద్ధమాడుతుంది. ఈ సంగతి పళ్ళ డాక్టర్లందరికీ తెలుసు. పేషెంట్లకు మాత్రం ఎవరూ చెప్పరు.

కట్టుడు పళ్ళు కట్టాలంటే ముందు పై దవడా కింది దవడా ఎక్కడ కలుస్తాయో తెలియాలి. అందుకోసం నోట్లో మైనపు బిళ్ళ పెట్టి కొరకమంటారు. ఆ గుర్తు గుంటూరు ఎండలో ఆటో ఎక్కి ల్యాబు చేరేలోపు కాస్త వంగుతుంది. తర్వాత పోసే ప్లాస్టర్ ఆరేటప్పుడు కాస్త ఉబ్బుతుంది. ఈ కాస్తలన్నీ కలిసి పేషెంటు నోట్లోకి చేరేసరికి పళ్ళు టకటకలాడతాయి, ముద్ద ముద్దకీ బుగ్గ తెగుతుంది. నాలుగు రోజులు చూసి ఆయన పళ్ళసెట్టును గ్లాసులో వేసి అటక మీద పెట్టేస్తాడు. డాక్టరేమో "అలవాటవుతుందిలెండి" అని చేతులు దులుపుకుంటాడు.

ఆ "అలవాటవుతుందిలెండి" అనే మాటంటే డాక్టర్ అలేఖ్యకు ఒళ్ళుమంట. డెంటల్ కాలేజీ వెనకాల రెండు గదుల పరిశోధనశాలలో, జిలానీ అనే సహచరుడితో కలిసి, ఏళ్ళ తరబడి పట్టు వదలకుండా ఆమె ఒక పదార్థం తయారుచేసింది. కాగితాల మీద దానికి నోరు తిరగని పేరుంది. ల్యాబులో అందరూ "ముద్ద" అంటారు. చూడ్డానికి నెయ్యేసి కలిపిన పప్పన్నంలా మెత్తగా, గోరువెచ్చగా ఉంటుంది. నోట్లో పెట్టుకుని దవడలు మూస్తే చాలు. చిగుళ్ళు ఎక్కడ కలిశాయో, ఏ కండరం ఎంత బలంతో లాగిందో అందులోని రేణువులు పట్టేసుకుంటాయి. గట్టిపడ్డాక దాన్ని తొట్టిలోని ద్రవంలో వేస్తే ఆ ముద్దే పళ్ళుగా ఎదుగుతుంది. ఎదిగిన పళ్ళను చిగుళ్ళ మీద కూర్చోబెడితే చిగుళ్ళే వాటిని పట్టుకుంటాయి. ఇక తీసి గ్లాసులో వేసే పని ఉండదు. ఎప్పుడైనా తీయాలంటే ల్యాబుకు వచ్చి మందునీళ్ళతో కరిగించుకోవాలి.

"పాలపళ్ళు ఒకటి, గట్టిపళ్ళు రెండు, ఇవి మూడో పళ్ళు" అని అలేఖ్య సభల్లో చెప్పేది. "తలవెంట్రుకలో వందో వంతు తేడా కూడా రాదు." అది గొప్పలకు చెప్పిన మాట కాదు. నిజంగానే రాదు.

ఆ ముద్దను మొదట నోట్లో పెట్టుకున్నది ఆమె అత్తగారు సామ్రాజ్యం. పేరుకు తగ్గ మనిషి. ఆవిడ వంటింట్లో మాట్లాడితే వీధిలో కూరగాయల బండివాడు సమాధానం చెప్పేవాడు. పళ్ళన్నీ ఊడినా నోరు మాత్రం ఊడలేదని ఆవిడ భర్త బాపయ్య, మిర్చి యార్డులో గుమాస్తా, అందరి ముందూ ఏడిపించేవాడు. కొత్త పదార్థానికి ఎవరూ ముందుకు రాకపోతే ఆవిడే లేచింది.

"కోడలు చేసిన పళ్ళు అత్త పెట్టుకోకపోతే ఊళ్ళోవాళ్ళు పెట్టుకుంటారా? రాసుకో నా పేరు."

రోజు కూడా ఖాయమైంది. ఈలోగా బాపయ్య యార్డులో, బస్తాల మధ్యే గుండె ఆగి పడిపోయాడు. పెదకర్మ అయిన వారానికి సామ్రాజ్యం తెల్లటి చీరలో ల్యాబుకొచ్చి కుర్చీలో కూర్చుంది. ఇప్పుడెందుకు అత్తయ్యా అంటే, మాట మాటేనంది.

అలేఖ్య ముద్దను నోట్లో అమర్చి, "గట్టిగా బిగపట్టండి అత్తయ్యా, నేను చెప్పేదాకా వదలొద్దు" అంది. ఇంగ్లీషు పద్ధతిలో ఉన్న సూచనను ఆమే తెలుగు చేసుకుంది. ఎవరికి చెప్పినా ఇట్టే అర్థమయ్యే మాట దొరికిందని ఆమెకు ముచ్చటగా కూడా ఉండేది.

సామ్రాజ్యం బిగపట్టింది. కన్ను కూడా చెమర్చలేదు. ఆనాటి కొలత ఎంత స్పష్టంగా వచ్చిందంటే, చూసి జిలానీ చప్పట్లు కొట్టాడు.

రెండేళ్ళు గడిచాయి. సామ్రాజ్యం ఇప్పుడు జంతికలు నములుతుంది, చెరకు చీలుస్తుంది. మాట్లాడటం మాత్రం మానేసింది. అడిగినదానికి ఒక మాట, అడగనిదానికి అదీ లేదు. తెల్లవారి లేచింది మొదలు పెదవులు బిగించుకుని, ఎవరినో ఆపుతున్నదానిలా గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంటుంది. కొడుకు తిలక్, "అమ్మకు నాన్నంటే ప్రాణం. టైం పడుతుంది" అనేవాడు. అలేఖ్యా అదే అనుకుంది. ముప్ఫై ఏళ్ళకు పైగా కాపురం చేసిన మనిషి పోతే ఎవరైనా మారరా అనుకుంది. అయినా బండివాడు వీధిలోకొచ్చి, ఈ ఇంటి వైపు ఒకసారి చూసి, ఏ బేరమూ లేకుండా పోతుంటే ఆమెకు ప్రాణం ఉసూరుమనేది.

ఈలోగా ముద్ద పేరు నలుగురి నోళ్ళలోనూ పడింది. చాలామంది మూడో పళ్ళు పెట్టించుకున్నారు. అనుమతులిచ్చే కమిటీ వాళ్ళొచ్చి చూసి సంతకం పెడితే దేశమంతా అమ్మకానికి వెళ్తుంది. సరిగ్గా అప్పుడు ఏడుకొండలు వచ్చాడు.

ఏడుకొండలు ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాడు. "డాక్టరమ్మా, పళ్ళకి వంక పెట్టేదేం లేదు. కానీ నాకు నవ్వొస్తంది" అన్నాడు.

"మంచిదేగా?" అన్నాడు జిలానీ.

"ఏం మంచిదయ్యా! ఎప్పుడూ గొంతులో నవ్వు అడ్డం పడి ఉంటది. మొన్న మా వియ్యంకుడు పోయాడు. శవం ముందు నిలబడ్డా. నవ్వాపుకోలేక నా మొహం ఎట్టా ఉందో ఏమో, ఆయన తమ్ముడు నా చొక్కా పట్టుకుని బయటికి నెట్టాడు. నా కూతురు నాతో మాట్లాడటంలా. ఈ పళ్ళు పెట్టినకాడ్నించే ఇట్టా."

జిలానీ పళ్ళన్నీ తనిఖీ చేశాడు. పన్నుకు పన్ను ముత్యంలా కలుస్తోంది. అలేఖ్య ఏడుకొండలు చెవి కింద, దవడ మలుపులో వేలు పెట్టి నొక్కింది. అక్కడి కండరం చింతగింజలా ముడిపడి ఉంది.

"ముద్ద పెట్టిన రోజు ఏం జరిగిందో గుర్తుందా?" అని అడిగింది.

గుర్తు లేకేం. జిలానీ ఆ రోజు పొడిదగ్గుతో "బిగపట్టండి" అనబోయి కోడిలా కూశాడు. ఏడుకొండలుకు నవ్వు తన్నుకొచ్చింది. వదలొద్దన్నారు గనుక ఆ నవ్వును పళ్ళ మధ్యే ఆపాడు.

ఆదివారం తలంటుకు అత్తగారు పెరట్లో పీట మీద కూర్చుంది. భుజం నొప్పి వల్ల ఆవిడ చేయి తలపైకి లేవదు. నూనె అంటడం ఎప్పుడూ అలేఖ్య పనే. మాడు మీద నూనె మర్దన చేస్తూ చెవుల వెనక్కి, అక్కడినుంచి దవడ మలుపుకు వచ్చింది. వేలి కింద అదే ముడి తగిలింది. రెండు వైపులా ఉంది. ఏడుకొండలుది చింతగింజైతే ఇది వక్క. అలేఖ్య చేయి అక్కడే ఆగిపోయింది. తను చేసిన వస్తువు ఏం చేసిందో ఆమెకు ఆ క్షణంలో తెలిసిపోయింది. 

ముద్ద తన పని తాను చేసింది. కండరం ఆ రోజు ఎంత లాగిందో అంతా దాచుకుని, అంతా పళ్ళకిచ్చింది. పై పన్నూ కింది పన్నూ కలిసినప్పుడల్లా ఆ లాగుడే నరాల్లోకి తిరిగి వెళ్తోంది. ఒళ్ళు దాన్ని నమ్ముతోంది. ఏడుకొండలుకు రోజూ ఆ నవ్వే. భర్త పోయిన నాటి ఏడుపును బిగపట్టుకునే కుర్చీలో కూర్చున్న సామ్రాజ్యానికి రోజూ ఆయన పోయిన రోజే. పాత మైనం వంగి, ఉబ్బి, ఇలాంటివన్నీ మరిచిపోయేది. మతిమరుపు లేని ముద్ద దేన్నీ వదల్లేదు.

"మరి అందరికీ ఎందుకు బిగువే పడింది?" అన్నాడు జిలానీ సోమవారం నాడు, పాత కొలతలన్నీ తిరగేసి. "కొందరైనా తేలిగ్గా కూర్చుని ఉండాలిగా?"

"మనం అడిగిందే అది కదండీ" అంది అలేఖ్య. "బిగపట్టండి అన్నాం. మనవాళ్ళు దేన్ని బిగపడతారు? ఊపిరి బిగపడతారు. ఏడుపు బిగపడతారు. కష్టమొస్తే పంటి బిగువున లాక్కొస్తారు. ఆ మాట వినగానే ఎవరికి ఏది ఉంటే అది పట్టి ఆపేశారు."

ఇంగ్లీషులో అది దవడకు చెప్పిన మాట. తెలుగులోకి వచ్చేసరికి మనిషికి చెప్పిన మాటయింది.

మాట మార్చాలి. ఇద్దరూ తమ నోళ్ళ మీదే ప్రయోగాలు మొదలుపెట్టారు. "కొరకండి" అంటే కింది దవడ మామిడిటెంక చీకడానికి పోయినట్టు ముందుకు జారింది. "మూయండి" అని చూద్దామంటే, సాయానికి కూర్చున్న కాలేజీ గుమాస్తా ఒకాయన "ఎవర్ని నోరు ముయ్యమంటున్నారు?" అని కుర్చీ దిగి వెళ్ళిపోయాడు. "మింగండి" కాస్త నయమనిపించింది. తీరా కొలత చూస్తే గొంతు దగ్గర కొత్త బిగువు. బాధను దిగమింగేవాళ్ళకు ఆ మాట మాత్రం ఊరికే పోతుందా?

"మన భాషలో నోటితో చేసే ప్రతి పనికీ ఒక ఏడుపుంది మేడమ్" అన్నాడు జిలానీ నీరసంగా. అని, ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని, కండరాల లాగుడును స్క్రీన్ మీద గీతలుగా చూపే తీగలు దవడకు తగిలించుకున్నాడు.

అప్పుడే ఏడుకొండలు తలుపు తోసుకుని వచ్చాడు. కూతురు ఫోన్ ఎత్తింది, ఏమందో చెప్పాలి, ఆగలేకపోతున్నాడు. జిలానీ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని మొదలుపెట్టాడు. నోట్లో ముద్ద ఉన్నవాడు ఏం మాట్లాడతాడు? ఆయన చెప్పే ప్రతి ముక్కకూ "ఊఁ" అన్నాడు.

"నాన్నా నువ్వు కావాలని నవ్వలేదంటగా అంది."

"ఊఁ."

"ఎవరు చెప్పారే అన్నా."

"ఊఁ."

స్క్రీన్ మీద గీతలు ఒక్కొక్కటే పడుకుంటున్నాయి. అలేఖ్య కుర్చీలోంచి లేచింది. ఊఁ అన్నప్పుడు పెదవులు కలిశాయి, దవడ తన చోట తాను నిలిచింది, ఆ శబ్దం ఆగగానే పళ్ళు వాటంతటవే వచ్చి ఒకదానిమీద ఒకటి వాలాయి. ఎక్కడా లాగుడు లేదు. ఇన్నేళ్ళలో అంత నిజమైన కొలత ఆమె చూడలేదు. కథ వినేవాడు దేన్నీ పట్టుకుని ఉండడు. ఊఁ కొట్టడమంటే, తర్వాత ఏమొస్తే అది రానీ అని ఒప్పుకోవడం.

"చెప్పండి ఏడుకొండలు గారూ, ఆపకండి" అని అరిచింది. ఆయన ఆపే రకం కాదు గనుక ఆ కొలత చివరిదాకా దొరికింది.

నెల తిరగకుండానే ఆయనకు కొత్త పళ్ళు పెట్టారు. కుర్చీలో కూర్చోబెట్టి రేపల్లె ప్యాసింజరులో తప్పిపోయిన మేకపిల్ల కథ చెబితే ఊఁ కొట్టాడు. ఇప్పుడాయన నవ్వొస్తే నవ్వుతున్నాడు, లేకపోతే లేదు.

కమిటీ వచ్చినప్పుడు అలేఖ్య ఏదీ దాచలేదు. వాళ్ళలో పెద్దాయన కళ్ళద్దాలు తీసి, "కొలతలో తప్పు దొర్లిందంటారా?" అన్నాడు.

"లేదండీ. కొలత సరిగ్గా ఉంది, మరీ సరిగ్గా ఉంది. మేం అడిగిన మాట తప్పు. పెట్టినవాళ్ళందరికీ మళ్ళీ పెట్టాలి. అది అయ్యాక సంతకం పెట్టండి."

పెట్టుబడి పెట్టిన కంపెనీవాళ్ళ మొహాలు మాడాయి. మాడనీ అనుకుంది. ఆమె బెంగంతా ఒక్క కుర్చీ గురించే, ఇంటి గుమ్మం దగ్గరి కుర్చీ.

ఆ సాయంత్రం విషయమంతా విడమరిచి చెప్పింది. సామ్రాజ్యం చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది.

"నాకు తెలుసులే" అంది.

"ఏం తెలుసు అత్తయ్యా?"

చాలా రోజుల తర్వాత ఆవిడ నోటివెంట మాటలు బారుగా వచ్చాయి. "పొద్దున లేచి పళ్ళు కలవగానే ఆయన్ని వాకిట్లోకి తెచ్చినట్టే ఉంటది. రోజూ అంతే. నేను బిగపట్టుకుని కూర్చున్నంతసేపూ ఆయన వాకిట్లోనే ఉంటాడు. వదిలానా, ఎత్తుకుపోతారు. అందుకే ఎవరికీ చెప్పలా. నా పళ్ళ జోలికి రామాక అమ్మాయ్."

తిలక్ గుమ్మంలోంచి కళ్ళతోనే, వద్దు, వదిలెయ్ అన్నాడు. అలేఖ్యకు కూడా వదిలేయాలనే అనిపించింది. ఒక మనిషి తన దుఃఖాన్ని తనే కాపలా కాసుకుంటుంటే లాక్కోవడానికి కోడలెవరు, డాక్టరెవరు? కానీ ఆ కాపలా పెట్టింది ఆవిడ కాదు. తను అన్న మాట పెట్టింది.

"సరే, ముట్టుకోను" అంది. "ఒక్కటి చెప్పండి. మామయ్య ఎట్లా నవ్వేవారు?"

సామ్రాజ్యం చేతిలో చిక్కుడుకాయ ఆగింది. నుదురు ముడిపడింది. చెప్పబోయి నోరు తెరిచి, మళ్ళీ మూసింది. పళ్ళు కలిశాయి.

"పోనీ, మీతో ఎప్పుడైనా పోట్లాడారా?"

"పోట్లాడకుండా ఎట్టా ఉంటాడు..." ఆవిడ వెతుక్కుంది. కళ్ళు అటూ ఇటూ తిరిగాయి. మొదటిసారి ఆ ముఖంలో భయం కనిపించింది. "వాకిట్లోనే కనపడతన్నాడే. పడుకునే ఉన్నాడు. లేచి తిరిగినాయన ఏడీ?"



"ఒక్క రోజు వచ్చి నా మొగుణ్ణంతా తినేసిందా అమ్మాయ్?" అంది సామ్రాజ్యం. కాయలున్న చేట పక్కకు నెట్టింది. "పద. తీసెయ్."

మందునీళ్ళు పళ్ళను అంచుల నుంచి మెల్లగా కరిగించాయి. చివరి పలుకు కరగగానే ఆవిడ గడ్డం వణికింది. కారులో మొదలైన ఏడుపు ఇంటికొచ్చినా ఆగలేదు. ఆ ఏడుపు వినడం అలేఖ్యకు నరకమైంది. రెండేళ్ళు ఆవిడ నోట్లో తను తాళం వేసి ఉంచిన ఏడుపు అది. రోజుల తరబడి సామ్రాజ్యం వంట చేస్తూ ఏడ్చింది, తింటూ ఏడ్చింది. అమ్మ ఏడవగా ఎన్నడూ చూడని తిలక్, పక్కన కూర్చుని తనూ ఏడ్చాడు. వాకిలి ఖాళీ అయిందని ఆవిడ ఒకటే మాట అనేది. నిజమే, బాపయ్య ఆ ఇంట్లోంచి రెండోసారి పోయాడు.

ఆ తర్వాత ఒక పొద్దున వంటింట్లోంచి కేక వినిపించింది. "తుమ్మేవాడే! నవ్వీ నవ్వీ ఆఖర్న తుమ్మేవాడు. ఒంటినిండా మిరపఘాటాయె!" మర్నాడు బోసినోటితోనే కూరగాయల బండివాణ్ణి దులిపి పారేసింది. వాడు వెళ్తూ వెళ్తూ రెండు నిమ్మకాయలు కొసరేసిపోయాడు.

చిగుళ్ళు మానాక ఆవిడ మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంది. జిలానీ తీగలు తగిలించి స్క్రీన్ ముందుకు వెళ్ళాడు.

"ఈసారి ఏమీ బిగపట్టక్కర్లేదు" అంది అలేఖ్య. "నేనొక కథ చెబుతాను, మీరు ఊఁ కొట్టండి. చాలు. ఏ కథ చెప్పమంటారు?"

సామ్రాజ్యం ఆలోచించింది. "ఆయన పోయిన రోజు చెప్పు."

జిలానీ తల గబగబా అడ్డంగా ఊపాడు. అలేఖ్యకూ అదే భయం. కథ మధ్యలో ఆవిడ మళ్ళీ బిగుసుకుంటే ముద్ద ఆ బిగువునే పట్టుకుంటుంది. ఆవిడ బతుకు మళ్ళీ ఆ వాకిట్లోనే.

"మేకపిల్ల కథ చెబుతా అత్తయ్యా, బాగుంటుంది."

"నీ మేకపిల్ల నాకెందుకే? మిగతా రోజులన్నీ ఒకటొకటే వచ్చి చేరతన్నాయి. ఆ రోజు మాత్రం లేదు. ఎవరొచ్చారో, ఏమన్నారో, ఏం చేశారో, ఒక్క ముక్క తెలీదు. బిగపట్టుకుని నిలబడ్డదానికి ఏం కనపడిద్ది? నువ్వు చూశావుగా. చెప్పు. నేను వింటా."

అలేఖ్య జిలానీ వైపు చూడటం మానేసింది. ముద్దను నోట్లో అమర్చి, స్టూలు దగ్గరికి లాక్కుంది.

"మధ్యాహ్నం మీరు ఇంట్లో ఆవకాయ జాడీ తుడుస్తున్నారు. యార్డు నుంచి ఫోనొచ్చింది."

"ఊఁ."

స్క్రీన్ మీద గీత ఎగిసిపడింది. అలేఖ్య ఆపలేదు.

"హమాలీలు పని ఆపేసి, ఒంటిమీద బట్టలతోనే వచ్చేశారు. అందరి బట్టల్లోనూ మిరపకాయ దుమ్ము. వాళ్ళు వసారాలోకి రాగానే ఇల్లంతా తుమ్ములే. పురోహితుడు మంత్రం మధ్యలో తుమ్మాడు. మీ అక్కగారు తుమ్మారు. ఏడ్చేవాళ్ళెవరో, ఘాటుకు కళ్ళు మండేవాళ్ళెవరో తెలియలేదు."

"ఊఁ..." సామ్రాజ్యం భుజాలు కదిలాయి. అది నవ్వో ఏడుపో తెలియలేదు. కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. వాటిని ఆవిడ ఆపడం లేదు, తుడవడం లేదు. గీత నెమ్మదిగా దిగుతోంది.

"మోయడానికి బంధువులు ముందుకొస్తే హమాలీల మేస్త్రీ అడ్డం నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ మా వీపుల మీది బస్తా బరువెంతో చూసినోడు. ఈయన బరువు మేం మోస్తామన్నాడు. వాళ్ళే మోశారు."

"ఊఁ."

"మీరు గుమ్మంలో నిలబడ్డారు. నేను మీ పక్కనే ఉన్నాను. మీ చెయ్యి పట్టుకున్నాను. అది రాయిలా ఉంది. నాకూ ఏడుపొచ్చింది. నేనూ..."  అలేఖ్య అలవాటు ప్రకారం పళ్ళు కరుచుకోబోయింది, తర్వాత వద్దనుకుంది. ఏడుస్తూనే చెప్పింది. "నేనూ ఏడవలేదు. మామయ్యను వీధి మలుపు దాకా చూశాం. మలుపు తిరిగాక కనపడలేదు."

సామ్రాజ్యం కళ్ళు మూసుకుంది.  తర్వాత, నిదానంగా, పూర్తిగా, "ఊఁ" అంది.

గీత పడుకుంది. జిలానీ వచ్చి అలేఖ్య భుజం మీద తట్టి, ముద్ద గట్టిపడి చాలాసేపయిందని సైగ చేశాడు. అత్తగారు తనే దాన్ని నోట్లోంచి తీసి, కోడలి అరచేతిలో పెట్టింది. కొంగుతో ముందు కోడలి కళ్ళు తుడిచి, తర్వాత తనవి తుడుచుకుంది.

"అయిపోయింది అత్తయ్యా. ఇక లేవొచ్చు."

సామ్రాజ్యం లేవలేదు. కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలి, బోసినోటితో అంది.

"మలుపు తిరిగాక ఏమైందో చెప్పు. ఇది పళ్ళ కోసం కాదులే."